మా అత్తమ్మ కలిపిన నెల

మా వాడు పుట్టింది ఆరు నెలలు నిండిన మూడో రోజున. ఊళ్ళో వాళ్ళకీ, చర్చి వాళ్ళకీ, దవాఖానా రికార్డుకీ మాత్రం వాడు ఏడు నిండాక పుట్టాడు. తేడా వచ్చిన ఆ నెల మా అత్తమ్మ ఇచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆమె నాకు అడక్కుండా ఇచ్చింది, సలహాలు తీసేస్తే, అదొక్కటే.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాది దుమ్ముగూడెం. మా ఆయనకి అశ్వారావుపేట దగ్గర పామాయిల్ మిల్లులో ఉద్యోగం, గెలల ట్రాక్టర్లు తూకం వేస్తాడు. ఆదివారం చర్చి టైముకి ఇంటికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోతాడు. ఉన్న ఆ ఒక్క రోజులో ఏ సమస్య చెప్పినా "అదే సెట్ అయితది" అంటాడు. ఆయన లేని రోజుల్లో ఏదీ దానంతటది సెట్ కాదని మాకు తెలుసు కాబట్టి, ఆ ఇంటిని నేనూ అత్తమ్మా చెరో వైపు పట్టుకుని లాగుతూ ఉంటాం. ఆమె పెద్దది, నేను చదువుకున్నదాన్ని. ఎవరి మాటా ఎవరూ వినరు.

ఆ రోజు తొమ్మిదో తరగతికి బహుపదులు చెబుతున్నాను. అప్పటికి రెండు రోజులుగా నడుము నొప్పి. అత్తమ్మ అది వాయువని తేల్చేసి వాము నీళ్ళు తాగించింది. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా కాళ్ళ మీదుగా వెచ్చగా నీళ్ళు పోయాయి. ముందు బెంచీ ఆడపిల్లలు నాకంటే ముందే అర్థం చేసుకుని కుర్చీ తెచ్చారు. హెడ్‌మాస్టర్ గారు పరిగెత్తుకొచ్చారు. నా మొహం చూశారు, నేల చూశారు, చెమటలు తుడుచుకున్నారు. అంత కంగారులోనూ ఆయనకి గుర్తొచ్చిన మొదటి మాట, "మేడం, లీవ్ లెటర్ రాసి పోతారా?" రాసి ఇచ్చాను కూడా. కారణం అన్న చోట "అనారోగ్యం" అని రాశాను.

ఆటోలో ఇంటి మీదుగా అత్తమ్మని ఎక్కించుకుని భద్రాచలం దవాఖానాకి వెళితే, డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి "ఎన్నో నెల?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది.

"ఏడు నిండినయ్ మేడం. ఎనిమిదోది ఇంక అంటలే."

మా వైపు ఒక లెక్క ఉంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు, అడిగిన వాళ్ళని అదోలా చూస్తారు. ఆరో నెల గురించి ఆ లెక్కలో మాటే లేదు. అటు ఆరుకి తగలకుండా, ఇటు ఎనిమిదికి తగలకుండా మా అత్తమ్మ అబద్ధానికి టైలరులా కొలతలు తీసుకుంది.

"కార్డు ఏది? స్కానింగ్ కాయితాలు?" అంది డాక్టరమ్మ.

"ఇంటికాడ మర్చిపోయినం మేడం. ఆగమాగం వచ్చినం గద."

కార్డు, స్కానింగ్ కాయితాలు అన్నీ ఆమె చంకలో ఉన్న బైబిల్ జిప్పు కవరులో ఉన్నాయి. ఆటో ఎక్కే ముందు వాటిని అందులో పెట్టమని ఇచ్చింది నేనే. అబద్ధం చెబుతున్నప్పుడు ఆమె చెయ్యి ఆ బైబిల్ మీదే ఉంది. కోర్టులో సాక్షులు కూడా అంత పద్ధతిగా నిలబడరు.

నేను ఎందుకు కాదనలేదంటే, ఆ క్షణంలో ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఏదో తెలిసే చెబుతోందనిపించింది. నొప్పులు వస్తున్న మనిషికి లెక్కలు దిద్దే ఓపిక ఉండదని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ఓపిక ఉంది. భయమే ఎక్కువ ఉంది.

బిడ్డ ఊపిరితిత్తుల కోసమని ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ఇంత నెల తక్కువ బిడ్డకి ఇక్కడ మిషన్ లేదని చెప్పి, చీటీ రాసి అంబులెన్స్‌లో ఖమ్మం పంపించారు. భద్రాచలంలో నోటి మాటగా ఉన్న ఏడు, ఖమ్మం చేరేసరికి సంతకం పెట్టిన కాయితం అయింది. కాయితం మీద ఉన్నదాన్ని కాదనే ధైర్యం మన దేశంలో ఎవరికుంది?

చేరిన గంటలోపే పుట్టాడు. ఎనిమిది వందల యాభై గ్రాములు. ఒక్కసారి పిల్లికూనలా అరిచాడట, నేను వినలేదు. పిల్లల డాక్టరు బయటికి వచ్చి చీటీ చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి బిడ్డని చూసి, మళ్ళీ చీటీ చూశాడు.

"ఏడు నెలలు నిండాయంటే ముప్పై వారాలు. ముప్పై వారాల బిడ్డ ఇంత చిన్నగా ఉన్నాడేంటి?"

మా అత్తమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పిల్ల తినదు సార్. బడి బడి అని తిరుగుతది. చిలక్కి చెప్పినట్టు చెప్పిన, ఇనదు."

ఆ డాక్టరు నా స్ట్రెచర్ దగ్గరికి వచ్చి పది నిమిషాలు పోషకాహారం గురించి చెప్పాడు. మునగాకు, బెల్లం, గుడ్లు. చదువుకున్న వాళ్ళు కూడా ఇలా చేస్తే ఎలా అన్నాడు. రోజూ రెండు గుడ్లు తిన్న నేను, కన్న గంటలోనే కడుపు మాడ్చిన తల్లినై, తల ఊపుతూ పడుకున్నాను. ఆయన పక్కన నిలబడి మా అత్తమ్మ కూడా తల ఊపింది.

రెండో రోజు నన్ను చక్రాల కుర్చీలో చంటిపిల్లల వార్డుకి తీసుకెళ్ళారు. అద్దాల పెట్టెలో మా వాడు ఉన్నాడు. నా చూపుడువేలంత చెయ్యి, దాని మీద ఉన్న ప్లాస్టర్ చేతికంటే పెద్దది. చర్మం లోపలి నరాలన్నీ కనిపిస్తున్నాయి. నోట్లో గొట్టం, బొడ్డులో గొట్టం, కాలికి వైరు. "బాబు ఎవరి పోలిక?" అని సిస్టర్ సరదాగా అడిగింది. ఆ బిడ్డలో అప్పటికి ఎవరి పోలికా రాలేదు. పోలికలు రావడానికి ఇంకా టైముంది, మేమే ముందు వచ్చాం.

డాక్టరు ఖాళీ మందు డబ్బా చింపి దాని వెనక బొమ్మ గీసి చెప్పాడు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరి తీసుకోడు కాబట్టి రక్తం ఊపిరితిత్తులకి పోకుండా గుండె దగ్గర ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. ఇలాంటి పిల్లల్లో మూసుకోదు. తూము మూయకపోతే నీళ్ళన్నీ ఒక చేను మీద పడి ఇంకో చేను ఎండినట్టు, ఊపిరితిత్తులకి రక్తం ఎక్కువైపోయి మెదడుకీ, పేగులకీ తక్కువవుతుంది. దానికి మందు మొదలుపెట్టాం అన్నాడు. మంచి మాస్టరయ్యేవాడు ఆయన. నేను చెప్పే బహుపదులు ఏ ఒక్కడికీ అంత బాగా అర్థం కాలేదు.

"ఇంకో సంగతి. బీపీ తక్కువగా ఉంది," అన్నాడు. "బిడ్డ ఎన్ని వారాలవాడో కనీసం అన్ని పాయింట్లు ఉండాలని మాకొక మోటు లెక్క. ముప్పై ఉండాలి. పొద్దున్నుంచీ ఇరవై ఏడు దాటడం లేదు. పెంచే మందు డ్రిప్‌లో పెడుతున్నాను."

ఇరవై ఏడు.

నేను లెక్కల టీచర్ని. ఆరు నెలలు అంటే ఇరవై ఆరు వారాలు. ఇరవై ఆరు ఉండాల్సిన చోట ఇరవై ఏడు ఉంది. అంటే తక్కువ లేదు, ఒక పాయింటు ఎక్కువే ఉంది. రెండో తరగతి పిల్ల వేళ్ళ మీద చేసే తీసివేత అది. మా వాడి బీపీ సరిగ్గానే ఉంది, తప్పు ఉన్నది మా అత్తమ్మ చెప్పిన ముప్పైలో. ఆ మాట చెప్పడానికి నాకు పట్టేది ఒక్క వాక్యం. "సార్, వాడు ఏడో నెల కాదు, ఆరు."

చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే ఆ పొద్దున్నే పక్కన ఇంకొక బిడ్డ వచ్చింది. కన్నది దుమ్ముగూడెం పైనున్న అడవి ఊరి పిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, తన తల్లితో వచ్చింది. ఎన్ని నెలలని అడిగితే ఆ తల్లి నిజం చెప్పింది. ఆరు అంది. వాళ్ళకి తెలుగు కొంచెం కొంచెం వచ్చు, అబద్ధం ఆడేంత రాదు. బరువు చూశారు, పెట్టెల వైపు చూశారు, తమలో తాము మాట్లాడుకున్నారు. తర్వాత సిస్టర్ ఆ బిడ్డని మెత్తటి గుడ్డలో చుట్టి ఆ పిల్ల గుండెల మీద పెట్టి, "వెచ్చగా పట్టుకోమ్మా, అంతకంటే ఏం చెయ్యలేం," అంది. చాలా మెల్లగా చెప్పింది. ఎవరి మీదా కోపం రావడానికి లేదు. మధ్యాహ్నం అన్నం బండి వచ్చే వేళకి ఆ పిల్ల చేతులు ఖాళీ అయ్యాయి.

అందుకని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. డ్రిప్ సీసా తగిలించడం చూశాను. చుక్కలు పడటం మొదలయ్యాక సిస్టర్‌కి థాంక్స్ కూడా చెప్పాను.

బయటికి రాగానే అత్తమ్మని వరండా చివరికి తీసుకెళ్ళాను. "కార్డు చూపిద్దాం అత్తమ్మా. వాడికి ఆ మందు అక్కర లేదేమో. మనం చెప్పిన నెల వల్ల పెడుతున్నరు."

"నోరు మూసుకో."

"వాడి మెదడుకు ఏమన్న అయితే?"

"మెదడుకు అయితే తర్వాత చూసుకుందం. ముందు పానం ఉండాలె గద." ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. మా అత్తమ్మ పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి ఇరవై ఏళ్ళు ఒక మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసింది. ఆ సంగతి ఇంట్లో చాలాసార్లు చెప్పేది. దొరసాని డాక్టరు తనని ఎంత మెచ్చుకునేదో, తను ఉతికిన దుప్పట్లు ఎంత తెల్లగా ఉండేవో. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "ఆరు నెలలదంటే ఏం జేస్తరో నాకెరుక. ఎనామిల్ ట్రేల వెట్టి, పైన గుడ్డ గప్పి, కిటికీ కాడ వెడుతుంటిమి. కొన్ని చానాసేపు కదుల్తుంటయ్. నేనే గప్పిన. ఒకటి గాదు రెండు గాదు."

ఒక మాట రాయాలి. ఆ క్షణంలో నాకు ఆమె మీద జాలి కలగలేదు. ఈవిడ పాత కాలపు దవాఖానా ఈ రోజు నా కొడుకు నరాల్లోకి ఎక్కుతోందే అని ఒళ్ళు మండింది.

నాలుగో రోజు మాడు మీద చిన్న మిషన్ పెట్టి తల లోపల స్కాన్ చేశారు. ఎడమ పక్క కంటే కుడి పక్క కొంచెం ఎక్కువగా, లోపల రక్తం వచ్చింది అన్నాడు డాక్టరు. తీవ్రతని బట్టి నాలుగు రకాలుంటాయి, ఇది రెండోది, భయపడకండి అన్నాడు. ఇలాంటి పిల్లల్లో మామూలే అని కూడా అన్నాడు. ముందు ముందు కాళ్ళు, మాట, చూపు అన్నీ గమనించుకుంటూ ఉండాలి అన్నాడు. భయపడకండి అన్న తర్వాత చెప్పిన మాటలన్నీ భయపడేవే. అత్తమ్మ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఆ రక్తం ఎలా వచ్చిందని అందరూ చెప్పడం మొదలుపెట్టారు. మా ఆడపడుచు, నేను ఐదో నెలలో స్కూటీ ఎక్కినందుకే అంది. మా పక్కింటావిడ గ్రహణం నాడు కూరగాయలు తరిగాను అంది, ఆ నెలల్లో గ్రహణమే లేదన్నా వినలేదు. కారేపల్లి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి బొప్పాయి తిన్నావా అని అడిగి, లేదంటే, వాసన చూసినా చాలు అంది. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఫోన్‌లోనే ప్రార్థన చేశారు. అందులో ఒకావిడ "ఈ తల్లి తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు ప్రభువా" అన్నప్పుడు మాత్రం ఉలిక్కిపడ్డాను. పాపం ఆవిడ ఆ వాక్యం అందరికీ వాడుతుంది. మా ఆయన అద్దంలోంచి కొడుకుని పదిహేను నిమిషాలు చూసి, కళ్ళు తుడుచుకుని, "అదే సెట్ అయితది" అన్నాడు. గుండె దగ్గరి అడ్డదారి విషయంలో ఆయన మాటే నిజమైంది. రెండోసారి మందు ఇచ్చాక మూసుకుంది. ఇప్పటికీ ఆ ఒక్క గెలుపు చెప్పుకుంటాడు.

రెండున్నర నెలల తర్వాత ఇంటికి వచ్చాం. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. మా అత్తమ్మ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. "ఏడో నెల బిడ్డను దేవుడు నిలబెట్టిండు." హల్లెలూయ అన్నారందరూ. నేను కూడా అన్నాను. దేవుడికి అసలు లెక్క తెలుసు కదా, ఆయన దిద్దుకుంటాడులే అనుకున్నాను.

తర్వాత మొదలైంది ఎదుగుదల క్లినిక్. ఇలాంటి పిల్లలకి రెండు వయసులుంటాయి. పుట్టిన రోజు నుంచి లెక్కేసేది ఒకటి, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేసేది ఇంకొకటి. ముందుగా వచ్చిన వారాలు తీసేసి, ఆ రెండో వయసుకి వాడు ఏమేం చెయ్యాలో చూస్తారు. మా వాడికి తీసెయ్యాల్సింది పద్నాలుగు వారాలు. వాళ్ళు తీసేది పది. మా అత్తమ్మ కలిపిన నెల ప్రతిసారీ మా కంటే ముందే ఆ గదిలోకి వెళ్ళి కూర్చునేది. "ఈపాటికి మెడ నిలపాలి." వాడు నిలిపేవాడు కాదు. "ఈపాటికి బోర్లా పడాలి." పడేవాడు కాదు. ఎప్పుడూ ఒక నెల వెనక. థెరపిస్టు పిల్ల పుస్తకంలో రాస్తుంటే, ఆ నెల నా బ్యాగులోనే ఉంది, తీసి ఇవ్వనా అనిపించేది. తీస్తే ఆ డ్రిప్ సీసా సంగతి కూడా బయటికి వస్తుంది. అప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఏడాది దాటినా వాడు నిలబడలేదు. ఎడమ కాలు బిగుసుకున్నట్టు ఉండేది, నిలబెడితే మునివేళ్ళ మీద లేచేవాడు. థెరపిస్టు చెప్పిన ఎక్సర్‌సైజులు పొద్దునా సాయంత్రం నేను చేయించేదాన్ని. మా అత్తమ్మకి వాటి మీద నమ్మకం లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి అత్తమ్మా లేదు, మా ఆయనా లేడు, పిల్లవాడూ లేడు. వెతుక్కుంటూ గోదారి ఒడ్డుకి వెళితే, చదువుకున్న నా మొగుడు, ట్రాక్టర్లు కిలోతో సహా తూచే నా మొగుడు, పారతో ఇసుకలో గుంత తీసి, కొడుకుని నడుం దాకా పూడ్చి నిలబెట్టాడు. అత్తమ్మ గొడుగు పట్టుకుని పక్కన కూర్చుంది.

"గిట్ల నిలవెడితే కాళ్ళకు బలమొస్తది," అంది నన్ను చూసి, గొడుగు నా వైపు కొంచెం తిప్పి.

వాడు మాత్రం పుట్టాక అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. రెండు చేతులతో ఇసుక తింటున్నాడు. నేను అరిచిన అరుపులకి పడవ వాళ్ళు కూడా ఆగి చూశారు. ఇంటికి వచ్చాక మూడు రోజులు అత్తమ్మతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి కారణం ఇసుక కాదని ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ళప్పుడు పెద్ద పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత వారాలు తీసేసే లెక్క ఆపేస్తారు, వాడు అందరి పిల్లల్లో ఒకడవుతాడు. ఇప్పుడు రాసిందే రేపు బడిలో చేర్చేటప్పుడూ, థెరపీ ఇంకెన్నాళ్ళో తేల్చేటప్పుడూ చూస్తారు. ఖమ్మంలో అదే డాక్టరు, అదే థెరపిస్టు. అప్పటికి వాడు మంచం కోళ్ళు పట్టుకుని నాలుగడుగులు నడుస్తాడు, వదిలితే పడతాడు. చెక్క ముక్కలు ఇచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టమన్నారు. నాలుగు పెట్టి ఐదోది థెరపిస్టు మీద విసిరాడు. బొమ్మ ముక్కు ఏది అంటే తన ముక్కు చూపించాడు. పుస్తకంలో యాపిల్ చూపిస్తే "టమాట" అన్నాడు. ఆ పిల్ల తప్పు అని గుర్తు పెట్టింది. మా ఇంట్లో యాపిల్ వచ్చేది ఎవరికైనా జ్వరం వస్తేనే, టమాట రోజూ చూస్తాడు. ఆ పరీక్ష రాసిన వాళ్ళు ఎవరో గానీ దుమ్ముగూడెం సంత ఎప్పుడూ చూసి ఉండరు.

"వయసుకి కొంచెం వెనకే ఉన్నాడమ్మా," అన్నాడు డాక్టరు, పెన్ను తీసి. "చేతులు, మాట కొంచెం. కాళ్ళు బాగా."

ఆ పెన్ను కాయితానికి తగలకముందే బ్యాగులోంచి కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను. రెండేళ్ళ కిందటే బైబిల్ కవరులోంచి తీసి ఆ బ్యాగులో దాచుకున్నాను. మొదటి స్కానింగ్ కాయితం పైన పెట్టాను. "ముప్పై కాదు సార్. ఇరవై ఆరు. మా అత్తమ్మ ఒక నెల ఎక్కువ చెప్పింది. నాకు తెలుసు. నేను ఊరుకున్నాను."

ఆయన ఆ కాయితం చాలాసేపు చూశాడు. పాత ఫైలు తెప్పించి పేజీలు తిప్పాడు. ఏ పేజీ దగ్గర ఆగుతాడో నాకు తెలుసు. అక్కడే ఆగాడు.

"ఇరవై ఏడు ఉంది బీపీ," అన్నాడు.

"అవును సార్."

"నాకు అనుమానం వచ్చింది ఆ రోజు. చర్మం, చెవులు, పాదాల గీతలు. ముప్పైలా లేడు. తిండి లేక ఎదగలేదని సర్దిచెప్పుకున్నాను." తిండి అన్నప్పుడు కొంచెం సిగ్గుపడ్డాడు. మళ్ళీ లెక్క వేశాడు. సరైన వారాలు తీసేస్తే మా వాడి చేతులూ, మాటా ఉండాల్సిన దగ్గరే ఉన్నాయి. కాళ్ళకి మాత్రం ఆ నెల సరిపోలేదు. ఎన్ని నెలలు తీసేసినా ఆ ఎడమ మడమ నేలకి ఆనదు.

నేను రెండేళ్ళుగా నోట్లో పెట్టుకున్న ప్రశ్న అడిగాను. "ఆ మందు వల్లేనా సార్ తలలో రక్తం వచ్చింది?"

"తెలియదమ్మా. ఆ మందు పెట్టిన పిల్లల్లో వస్తుంది, పెట్టని పిల్లల్లోనూ వస్తుంది. బీపీ తక్కువైతే మెదడుకి మంచిది కాదు, గబుక్కున పెంచినా మంచిది కాదు. ఇరవై ఆరని తెలిసి ఉంటే ఆ రోజు పెట్టేవాణ్ణి కాదు. ఆగి చూసేవాణ్ణి. అంతవరకే చెప్పగలను." ఫైలు మూశాడు. మూసి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "ఇంకోటి కూడా చెప్పాలి. ఆ వారం మా దగ్గర పనిచేసేవి రెండే మిషన్లు. ఇరవై ఆరని తెలిసి ఉంటే మీ వాణ్ణి వాటి మీద పెట్టేవాణ్ణో లేదో, అదీ నాకు తెలియదు."

ఆ గదిలో నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. రెండేళ్ళుగా ఒక మనిషి మీద కొంచెం కొంచెంగా దాచుకున్న కోపం. దాన్ని ఇవాళ తీసి వాడదామనుకుని వచ్చాను. ఇంటికి వెళ్ళే బస్సులో ఏ మాట ముందు అనాలో, ఏది తర్వాత అనాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడి కాలు ఆమె పాడు చేసిందేమో. వాడిని బతికించింది ఆమేనేమో. రెండూ ఒకే వాక్యంతో చేసింది. నేను ఏ వాక్యమూ చెప్పకుండా చేశాను.

బయట బెంచీ మీద అత్తమ్మ వాడికి బిస్కెట్ తినిపిస్తోంది. సగం వాడి నోట్లో, సగం ఆమె చీర మీద.

"ఏమన్నడు?"

"కార్డు చూపించిన అత్తమ్మా. ఆరు నెలలని చెప్పేసిన."

ఆమె చెయ్యి ఆగిపోయింది. మందు గురించి అడుగుతుందనుకున్నాను. తన తప్పు కాదని వాదిస్తుందనుకున్నాను, దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆమె నా వైపు చూడనే లేదు. డాక్టరు గది తలుపు వైపు చూస్తోంది.

"కాయితంల రాసుకున్నరా?"

"అవ్. దిద్దిండ్రు."

"మరి తీసెయ్యరు గద బిడ్డా?" అంది. గొంతు సన్నగా అయిపోయింది, అలాంటి గొంతు ఆమెకి ఉందని నాకు తెలియదు. "గింత పెద్దోడయిండు. మాట్లాడుతుండు. ఇప్పుడు ఆరని తెలిసినా... తీసెయ్యరు గద?"

"తీసెయ్యరు అత్తమ్మా," అన్నాను. చెయ్యి పట్టుకుని మళ్ళీ చెప్పాను. "ఇంక ఎవ్వరూ తీసెయ్యరు."

ఆమె నమ్మలేదు. మోకాళ్ళ నొప్పులతో పిల్లవాణ్ణి ఎత్తుకోవడం మానేసి ఆరు నెలలైన మనిషి, వాణ్ణి చంకనేసుకుని, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా, నాకంటే ముందు జల్దీ జల్దీ మెట్లు దిగి వెళ్ళిపోయింది.